పిల్లలకు ఇంటిపని, జీతంపని అప్పగించేదెలా

ఇంటిపనికీ జీతంపనికీ మధ్య గీత మొదటే గీసుకోవాలి. తిన్న కంచం తీసినందుకు పది రూపాయలు ఇవ్వడం మొదలుపెడితే, నెల తిరగకుండానే "నీళ్లు పడితే ఎంతిస్తావు?" అన్న ప్రశ్న వస్తుంది, మా ఇంట్లో వచ్చింది కూడా. అందువల్ల అందరూ పంచుకోవలసిన పనికి డబ్బు ముడిపెట్టవద్దు.

పిల్లలకు ఐదారేళ్లు వచ్చాక ఒక చిన్న పనిని పూర్తిగా వారికే వదిలేయాలి. "అమ్మకు సాయం చెయ్యి" అంటే పని అమ్మదనీ, తాము చేసేది ఉపకారమనీ పిల్లలు అనుకుంటారు. మా అమ్మాయికి ఎనిమిదో ఏట రాత్రి అన్నానికి బియ్యం కొలిచి, కడిగి, గ్లాసుకు రెండు గ్లాసుల చొప్పున ఎసరు పోసే పని అప్పగించాము. మొదటిరోజు గుప్పెడు బియ్యం కడుగునీళ్లతోపాటు సింకులోకి జారిపోయాయి. గిన్నె లాక్కోవాలని చెయ్యి ముందుకు వెళ్లింది గానీ, ఆగాను. మూడో రోజుకు అరచెయ్యి అడ్డుపెట్టి నీళ్లు వంచడం తనే కనిపెట్టింది. పొయ్యి వెలిగించడం మాత్రం పెద్దవాళ్ల పనిగానే ఉంచాము.

అమ్మాయికి వంటిల్లు, అబ్బాయికి బజారు అన్న పంపకం మన ఇళ్లలో అడగకుండానే జరిగిపోతుంది. దాన్ని వారం వారం తిరగేయండి. విజయవాడలోనైనా గుంటూరులోనైనా రైతుబజారులో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి, చీటీ, డబ్బు ఇచ్చి పంపితే కూరగాయలతోపాటు లెక్క కూడా ఇంటికి వస్తుంది.

జీతంపని విషయంలో ముందుగా చట్టం చూడాలి. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ప్రమాదం లేని సొంత కుటుంబ వ్యాపారంలో, అదీ బడి వేళల తరువాత లేదా సెలవుల్లో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. పెట్టుకున్న యజమానికి 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా రెండూ పడవచ్చు. 14 నుంచి 18 ఏళ్లవారిని గనుల్లో, బాణసంచా వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీయడం కూర్చుని చేసే పనే కదా అనిపిస్తుంది గానీ, సబ్బుతో కడిగినా రాత్రిదాకా చేతులు మండుతూనే ఉంటాయి, ఘాటు ముక్కుల్లో నిలిచిపోతుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, నేనైతే ఆ పనికి పిల్లలను పంపను.

పదో తరగతి పరీక్షలయ్యాక పుస్తకాల షాపులోనో బట్టల కొట్టులోనో పని దొరికితే, యజమానితో మీరే మాట్లాడి వేళలు ఖాయం చేసుకోండి. ఈ వయసువారి చేత మూడు గంటలకు మించి ఏకబిగిన పనిచేయించకూడదు. కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామం కలుపుకొని మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు పనే ఉండకూడదు. సరుకు ఇచ్చి రమ్మని స్కూటరు తాళం చేతికిస్తే ఒప్పుకోవద్దు: లైసెన్సు లేని మైనరు బండి నడిపి నేరం చేస్తే మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా బండి యజమానికో తల్లిదండ్రులకో పడతాయి.

జీతం పిల్లల చేతికే రావాలి, ఇంటి ఖర్చులో కలపకూడదు. బడో కాలేజీయో తెరవడానికి వారం ముందే పని మాన్పిస్తామని మొదటిరోజే చెప్పండి, ఎందుకంటే జూన్ వచ్చేసరికి "సాయంత్రాలు ఓ రెండు గంటలు పంపండి సార్, కుర్రాడు చురుకైనవాడు" అని యజమాని తప్పక అడుగుతాడు.