నవ్వు రాని రోజుల్లో నవ్వడం ఎలాగంటే

మా వీధికి నెత్తళ్లు, కానాగంతలు తెచ్చే చేపలావిడ ఒకరోజు తట్ట దించుతూ నా ముఖంలోకి చూసి, "ఏటమ్మా, మీరు నవ్వి ఎన్నాళ్లయినాది?" అంది. లెక్కేసుకుంటే పద్నాలుగు నెలలు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ అన్నమాట. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ పలకరించినదాన్ని, ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ వారంలోనే పక్కింటి పిన్నిగారు నన్ను మన విశాఖలోని శివాజీ పార్కుకు వెంటబెట్టుకెళ్లారు. పొద్దున ఆరింటికి అక్కడ పది పదిహేనుమంది చేరి నవ్వుతారు. నాలుగేళ్లుగా నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఇప్పుడు నవ్వు రాక అవస్థ పడుతున్నవాళ్ల కోసం, నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తున్నాను.

సంతోషం వచ్చాక నవ్వుదాంలే అనుకుంటే మాత్రం కుదరదు. 1995 మార్చి 13న ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా అయిదుగురితో ఒక పార్కులో నవ్వుల క్లబ్బు మొదలుపెట్టారు. మొదట్లో జోకులు చెప్పుకునేవారు. కొన్నాళ్లకు మంచి జోకులు అయిపోయి, మనసు నొప్పించేవి మిగిలాయి. దాంతో జోకులు మానేసి, ఊరికే నవ్వడాన్ని వ్యాయామంలా చేయించారు. ఇప్పుడు దేశదేశాల్లో చేస్తున్న నవ్వుల యోగా అదే. మేం చేసేదీ అదే.

ఖాళీ కడుపుతో గానీ, తిన్న రెండు గంటలకు గానీ చేయండి. మన విశాఖలో మే నెల ఉక్కపోత తెలిసిందేగా, ఎండ ఎక్కకముందే ముగించి మంచినీళ్లు తాగండి. ముందు రెండు చేతులూ పైకెత్తుతూ ముక్కుతో గాలి పీల్చి, దించుతూ నోటితో నెమ్మదిగా వదలండి. పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. అయిదుసార్లు చాలు. తర్వాత వేళ్లకు వేళ్లు, అరచేతికి అరచేయి తగిలేలా చప్పట్లు కొడుతూ "హో హో, హ హ హ" అనండి. "హ" గొంతులోంచి వస్తే లాభం లేదు, బొడ్డు దగ్గర్నుంచి రావాలి. పొట్ట మీద చేయి వేసుకుంటే తెలిసిపోతుంది, లోపలికి ఎగిరి పడుతుంది.

ఇక అసలు ఆట. ఒకరికొకరు ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టి, కళ్లలోకి చూస్తూ నవ్వాలి. ఈ కళ్లలోకి చూడటమే కీలకం. కొత్తవాళ్లు సిగ్గుతో నేలచూపులు చూస్తారు. అలా చూసినంతసేపూ నవ్వు నోటి దగ్గరే ఆగిపోతుంది. తర్వాత మజ్జిగ నవ్వు. రెండు చేతుల్లో రెండు గ్లాసులున్నట్టు పట్టుకుని, "ఏ..." అంటూ ఇందులోంచి అందులోకి, మళ్లీ "ఏ..." అంటూ అందులోంచి ఇందులోకి తిరగపోసి, తల వెనక్కి వంచి తాగేసి, గట్టిగా నవ్వాలి.

మొదటి ఎనిమిది రోజులు నేను నోరు తెరిచి శబ్దం చేశానంతే, నవ్వలేదు. తొమ్మిదో రోజు నా ఎదురుగా పోర్టులో పనిచేసి రిటైరైన ఒక బాబాయిగారు నిలబడ్డారు. మజ్జిగ తాగేశారు, నవ్వేశారు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలు తీసి శ్రద్ధగా మీసాలు తుడుచుకున్నారు. అక్కడ గ్లాసూ లేదు, మజ్జిగా లేదు. నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆగలేదు. నవ్వి నవ్వి అది ఏడుపులోకి దిగింది, అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను. ఆయన ఏమీ అడగలేదు, నీళ్ల సీసా మూత తీసి నా పక్కన పెట్టారు. ఆ రాత్రి నేను మధ్యలో లేవకుండా నిద్రపోయాను. మీకూ ఏడుపు వస్తే రానివ్వండి. కంగారుపడి ఆపుకోకండి.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, గట్టిగా నవ్వేటప్పుడు పొట్ట కండరాలు, ఊపిరి తీయించే కండరం పదేపదే బిగుస్తాయి. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. నవ్వు ఆగాక కండరాలు వదులై ఒళ్లు తేలికపడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త బృందం 2011లో చూపించింది కూడా నాకు నా మోకాళ్ల విషయంలో నిజమనిపించింది: పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. నొప్పిని తగ్గించేలా ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లనే రసాయనాల వల్లేనని వాళ్ల అభిప్రాయం. నా మోకాళ్ల అరుగుదల తగ్గలేదు. మెట్లెక్కే ధైర్యం వచ్చింది. బీపీ మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు, మీరూ మానకండి.

ఒంటరిగా చేస్తే రాదా అని అడుగుతారు. వస్తుంది, తక్కువ. రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త గమనించిన ప్రకారం మనం ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు ముప్పై రెట్లు ఎక్కువ నవ్వుతాం. అందుకే ఒక్కరినైనా తోడు చూసుకోండి. దూరాన ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి మజ్జిగ నవ్వు నవ్వినా సరే. మా మనవరాలు ఆదివారం ఆదివారం నాతో అలాగే నవ్వుతుంది.

చిరునవ్వుకు వేరే సాధన ఉంది. 1862లోనే డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు, నిండు మనసుతో నవ్వితే పెదవులతోపాటు కంటి చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందని. పొద్దున పళ్లు తోముకున్నాక అద్దం ముందు చెంపలు పైకి లేపి, కళ్ల చివర్ల ముడతలు పడేదాకా నవ్వండి. పది లెక్కపెట్టండి. 2022లో 19 దేశాలవాళ్లతో చేసిన పరిశోధనలో, ముఖాన్ని కావాలని నవ్వుముఖం చేసుకున్నా సంతోషం కాస్త పెరుగుతుందని తేలింది. కాస్తే. నాకు ఆ కాస్త చాలు, రోజు మొదలుపెట్టడానికి.

హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య పొట్టకు గానీ కంటికి గానీ ఆపరేషన్ అయినవాళ్లు, గుండెజబ్బు అదుపులో లేనివాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే గట్టిగా నవ్వండి. కాన్పుల తర్వాత మనలో చాలామందికి నవ్వితే, దగ్గితే మూత్రం చుక్కలు పడుతుంది. సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి, అది వైద్యం ఉన్న సమస్యే. తల తిరిగితే వెంటనే ఆపి కూర్చోండి.

ఇంకో మాట కచ్చితంగా చెప్పాలి. దుఃఖంలో ఉన్న మనిషిని "నవ్వవేం?" అని నిలదీయకండి. పదకొండో రోజు వెళ్లకముందే నాతో అలా అన్నవాళ్లున్నారు. ఆ మనిషి పక్కన కూర్చోండి, కొన్నాళ్లకు పార్కుకు తోడు వెళ్లండి. ఒకరి రూపాన్ని, యాసను చూసి నవ్వే నవ్వును మా గుంపులో ఎవరూ నవ్వరు. అలాంటిది ఒక్కటి జరిగినా మర్నాడు ఒకరు రావడం మానేస్తారు.

మొన్న చేపలావిడకు కూడా మజ్జిగ నవ్వు నేర్పాను. తట్ట మా అరుగు మీద పెట్టి, కొంగు బిగించి, చేతులెత్తి తిరగపోసింది. తాగబోతూ ఆగి, "ఉప్పేసినారా అమ్మా ఇందులో?" అని అడిగింది. ఇద్దరం గోడ పట్టుకుని నవ్వుతుంటే పిన్నిగారు గేటు తీసుకుని వచ్చి, ఏమిటో అడక్కుండానే మాతో కలిశారు.