డైవర్ మునగట్లేదా? చేప నిలవట్లేదా? ట్యూనా చేతి తాళ్లలో సమస్యలు – పరిష్కారాలు

నడుస్తున్న పడవ వెనక చేతి తాడు కట్టి ట్యూనా పట్టేవాళ్లకి రాడ్, రీలు ఉండవు. ఒక గట్టి తాడు, దాని చివర డైవర్ (ఎరని లోతుకి దింపే పలక), డైవర్ వెనక లీడర్ (ఎర కట్టే పోగు), లీడర్ చివర ఎర. సామాను ఇంతే కదా, తప్పు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది అనిపిస్తుంది. కానీ రాడ్ వంగుతుంది, రీలు తాడు వదులుతుంది. కట్టడంలో జరిగిన చిన్న తప్పుల్ని ఆ రెండూ కప్పేస్తాయి. చేతి తాడుకి ఆ అండ లేదు. క్రింప్ (పోగు కొనని పట్టి ఉంచేలా నొక్కిన లోహపు గొట్టం) సరిగ్గా పడకపోయినా, స్వివెల్ (మెలి పడకుండా తిరిగే కీలు) బిగుసుకుపోయినా ఆ నష్టం నేరుగా చేప మీదే పడుతుంది.

వెతకడం ఎప్పుడూ ఎర దగ్గర మొదలుపెట్టి పడవ వైపు రండి. చాలామంది ముందు డైవర్‌ని తిడతారు, దాన్నే వంచి చూస్తారు. నా అనుభవంలో డైవర్ తప్పుగా కనిపించిన వాటిలో ఎక్కువ భాగం దాని వెనకున్న ఎర తప్పో, పడవ వేగం తప్పో అయి ఉంటుంది. ఇంకో మాట: ఒకసారికి ఒక్కటే మార్చండి. ఎర, వేగం, తాడు పొడవు మూడూ ఒకేసారి మారిస్తే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు, రేపు మళ్లీ వస్తుంది.

వేగం సంగతి ముందే చెప్పుకోవాలి, కింద చాలాచోట్ల పనికొస్తుంది. నీటి లాగుడు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 5 నాట్ల (గంటకి 5 నాటికల్ మైళ్ల) మీద పోతున్న పడవని 7 నాట్లకు పెంచితే వేగం పెరిగింది 40 శాతమే, తాడు మీద లాగుడు మాత్రం దాదాపు రెట్టింపు. 5 నాట్ల దగ్గర చక్కగా పనిచేసిన అమరిక 7 దగ్గర విఫలమైతే ఆశ్చర్యం అక్కర్లేదు.

డైవర్ మునగకుండా పైపైనే జారుతోంది

డైవర్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఒక పలక, దాని ముక్కు వైపు సీసం బరువు, పైన వైరు చట్రం, ఆ చట్రం మీద జారే రింగు. రింగు వెనక గాడిలో కూర్చుని ఉంటే తాడు పలకని మధ్య నుంచి లాగుతుంది, ముక్కు కిందికి వంగుతుంది, నీటి ఒత్తిడి పలకని లోతుకి తోస్తుంది. తలకిందులైన గాలిపటం అనుకోండి. దారం ఎక్కడ కట్టామన్నదే అంతా. చేప లాగినప్పుడు రింగు ముక్కు దగ్గరికి జారిపోతుంది, పలక చదునై పైకి తేలుతుంది. దీన్నే ట్రిప్ అవ్వడం అంటారు.

కాబట్టి మునగని డైవర్‌లో మొదట చూడాల్సింది రింగు గాడిలో ఉందా లేదా. చాలాసార్లు అది నీటిలోకి వదిలేటప్పుడే జారిపోయి ఉంటుంది. డైవర్‌ని విసిరేయకూడదు. ముందు ఎరని, లీడర్‌ని పూర్తిగా వదలండి, అవి నిటారుగా సాగాక డైవర్‌ని పడవ పక్కన నీటిలో చదునుగా ఆనించండి, అది ముక్కు వంచి కిందికి లాగడం చేతికి తెలిశాక తాడు నిదానంగా వదలండి. వదులుతూ వదులుతూ ఒక్కసారిగా బిగించి ఆపితే ఆ కుదుపుకే ట్రిప్ అవుతుంది. వదిలే వేగాన్ని మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

రింగు సరిగ్గానే ఉండి, మునిగినా లోతుకి పోకపోతే తాడు మందం చూడండి. మందపాటి తాడుని నీరు వెనక్కి, పైకి తోస్తుంది. ఇంకా పది మీటర్లు వదిలితే లోతు పెరుగుతుందనుకుంటారు, కొంత దూరం దాటాక వదిలిన తాడు లాగుడే పెరుగుతుంది, లోతు కాదు. పాలీప్రొపిలీన్ తాడు అసలు వద్దు, అది తేలే రకం. చేతికి పట్టు కావాలంటే తాడు లావుగా ఉండాలి, లోతుకి పోవాలంటే సన్నగా ఉండాలి. అందుకే పడవ వైపు కొన్ని మీటర్లు అల్లిన తాడు, నీటిలో ఉండే భాగం సుమారు 2 మిల్లీమీటర్ల మోనో (ఒంటిపోగు నైలాన్) పెట్టుకోవడం నాకు నచ్చిన మధ్యేమార్గం.

మునుగుతోంది గానీ ఒక పక్కకి పోతోంది

ఎర తీసేసి ఉత్త డైవర్‌నే కాసేపు లాగి చూడండి. నిటారుగా పోతే తప్పు ఎరది: స్కర్ట్ (ఎర చుట్టూ వేలాడే కుచ్చు) ఒక పక్కకి జారింది, గాలం వంకరగా కూర్చుంది, లేదా నాచు పట్టింది. ఉత్త డైవర్ కూడా పక్కకే పోతుంటే పలకని కంటి ఎత్తులో పట్టుకుని వెనక నుంచి చూడండి. ఒక అంచు కొంచెం ఎత్తుగా ఉన్నా చాలు. డెక్ మీద ఎవరో తొక్కిన డైవర్ చూడ్డానికి బాగానే ఉంటుంది, నీటిలో మాత్రం నిటారుగా పోదు. వైరు చట్రం సరిగ్గా మధ్యలో ఉందో లేదో కూడా చూడండి. కొద్దిగా వంచి సరిచేయొచ్చు, కానీ అదే వైరుని పదేపదే వంచితే విరుగుతుంది.

చేప లేకుండానే ట్రిప్ అవుతోంది

నాచు ఉన్న నీటిలో అయితే కారణం వెతకక్కర్లేదు, లాగి శుభ్రం చేసి మళ్లీ వేయడమే. నాచు లేకపోతే ఎర బరువుగా లాగుతోందేమో చూడండి. పెద్ద మూతి ఉన్న ఎరలు, తమంతట తాము మునిగే ఎరలు డైవర్ వెనక పనికిరావు. వాటి లాగుడునే డైవర్ చేప అనుకుంటుంది. స్కర్ట్, ఈక ఎర, మొద్దు తల లేని చిన్న జిగ్ (బరువు తల ఉన్న ఎర) సరిపోతాయి.

అల వెనక నుంచి వస్తున్నప్పుడే ట్రిప్ అవుతుంటే కారణం వేరు. పడవ అల మీంచి జారేటప్పుడు వేగం ఒక్కసారి పెరుగుతుంది, కిందికొచ్చాక తాడు వదులై, మళ్లీ కుదుపుతో బిగుసుకుంటుంది. సగటు వేగం ఒక నాట్ తగ్గించండి, లేదా అలకి కొంచెం ఏటవాలుగా నడపండి. ట్రిప్ బిగువు సరిచేసే మర ఉంటే దాన్ని చివరగా ముట్టుకోండి. ముందే దాన్ని బిగిస్తే తర్వాతి సమస్య మొదలవుతుంది.

చేప పడింది, డైవర్ లేవలేదు

ట్రిప్ బిగువుని దాటడానికి చిన్న చేప లాగుడు సరిపోలేదన్నమాట. అది గంటసేపు లోతులో ఈడ్చబడి చచ్చిపోతుంది, మీకు తెలియనే తెలియదు. రింగు జారే వైరు మీద తుప్పు, ఉప్పు పొర ఉంటే గరుకుగా పట్టేస్తుంది. మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలావరకు పోతుంది. గాడి అరిగి లోతైపోతే డైవర్ మార్చడమే. తాడు నీటిలోకి దిగే కోణాన్ని గమనించే అలవాటు చేసుకోండి. కోణం మారిందంటే కింద ఏదో మారినట్టే.

తాడు మెలి తిరుగుతోంది

మెలి ఎర తిరగడం వల్ల వస్తుంది, ఆ మెలిని స్వివెల్ విడదీయలేకపోవడం వల్ల తాడులోకి ఎక్కుతుంది. రెండూ సరిచేయాలి. ఎరని పడవ పక్కన నీటిలో పెట్టి, చేప పట్టేటప్పుడు పడవ పోయే వేగంలోనే చూడండి. అది ఊగొచ్చు, తిరగకూడదు. స్వివెల్‌ని వేళ్ల మధ్య తిప్పి బాగుందనుకోవద్దు, బరువు వేలాడదీసి తిప్పండి. మామూలు స్వివెల్ ఖాళీగా తిరుగుతుంది, లాగుడు పడగానే మొరాయిస్తుంది. చేతి తాడుకి బాల్ బేరింగ్ స్వివెల్ పెట్టండి, ఇక్కడ పొదుపు వద్దు.

ఎక్కేసిన మెలి పోవాలంటే ఎర, డైవర్ రెండూ విప్పేసి ఉత్త తాడుని పడవ వెనక కాసేపు లాగండి. ఆ సమయంలో రివర్స్ వేయకండి, తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది.

చేప పడుతోంది, తప్పించుకుంటోంది

ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎక్కువ కారణాలున్నదీ ఇదే. తప్పించుకున్న ప్రతిసారీ గాలం చూడండి. నిఠారు అయి ఉంటే గాలం మెత్తది. కొన గోరు మీద ఆనిస్తే జారిపోతుంటే మొద్దుబారింది, ఆకురాయి తీయండి. గాలానికి చిన్న మాంసం తునక అంటుకుని వస్తే మాత్రం గాలం తప్పు కాదు: మూతి చిరిగింది. స్కిప్‌జాక్, ఆల్బకోర్ అనే ట్యూనా రకాల మూతులు మెత్తగా ఉంటాయి. పడవ వేగం, చేప ఉరుకు రెండూ కలిసి ఒక్క కుదుపులో చీల్చేస్తాయి.

ఆ కుదుపుని మింగడానికే పడవకి, తాడుకి మధ్య బంజీ (సాగే రబ్బరు తాడు) కడతాం. బంజీ ఉన్నా చేపలు పోతున్నాయంటే, డైవర్ మునిగి ఉన్నప్పుడు బంజీ ఎంత సాగి ఉందో చూడండి. డైవర్ ఎడతెగకుండా లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకే బంజీ పూర్తిగా సాగిపోతే, చేప కొట్టినప్పుడు సాగడానికి ఇంకేం మిగలదు. అప్పుడది బంజీ కాదు, ఉత్త తాడే. చేప లేనప్పుడు సాగాల్సిన దానిలో సగం కూడా సాగకూడదు. ఎక్కువ సాగుతుంటే లావు బంజీ వేయండి, లేదా రెండు పేటలు కట్టండి, లేదా చిన్న డైవర్‌కి మారండి.

బంజీకి సమాంతరంగా ఒక భద్రతా తాడు తప్పనిసరి. బంజీ తన పొడవుకి రెట్టింపు సాగే లోపే ఆ తాడు బిగుసుకోవాలి. ఎండకి బంజీ లోపలి రబ్బరు చచ్చిపోతుంది, పైన అల్లిక మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. చేత్తో లాగి వదిలి, అది వెనక్కి ఎంత చురుగ్గా వస్తుందో చూస్తేనే తెలుస్తుంది. రెయిలింగుకి కాదు, పడవ వెనక క్లీట్‌కి (తాడు కట్టే గట్టి కొమ్ముకి) కట్టండి.

చేప పడ్డాక ఇంజన్ ఆపేయడం ఇంకో తప్పు. ఆపగానే తాడు వదులవుతుంది, ముల్లు లేని జోడు గాలాలైతే ఆ వదులులోనే చేప విదిలించుకుంటుంది. 2–3 నాట్లకు తగ్గించి, బిగువు పోకుండా లాగండి. రెండు చేతులూ మార్చి మార్చి లాగేటప్పుడు ఒక చేయి వదిలే ముందు రెండోది పట్టుకుని ఉండాలి.

లీడర్ తెగుతోంది

తెగిన కొనని పారేయకండి, అది చాలా చెబుతుంది. పందితోకలా మెలి తిరిగి ఉంటే తెగలేదు, ముడి జారింది. ముందు చాలా దూరం గరుకుగా, పాలలా తెల్లబారి ఉంటే దేనికో రాసుకుంది. డైవర్ కన్నం అంచు, పడవ అంచు తడిమి చూడండి. ఏటవాలుగా, కత్తితో కోసినట్టు ఉంటే వంజరం, వాహూ లాంటి పళ్ల చేప పని. దానికి కొద్దిపాటి వైరు జోడించొచ్చు, కానీ ట్యూనాకి చూపు మంచిది, వైరు పెట్టినకొద్దీ కాట్లు తగ్గుతాయి. పళ్ల చేపలు గుంపుగా ఉంటేనే పెట్టండి.

సరిగ్గా స్లీవ్ (క్రింప్ గొట్టం) అంచు దగ్గర తెగితే అది క్రింప్ తప్పు. 150–200 పౌండ్ల లాగుడు తట్టుకునే మోనోకి ముడి కంటే క్రింపే మేలు, సరిగ్గా వేస్తే. స్లీవ్ కన్నంలో మోనో బిగుతుగా పట్టాలి, వదులుగా కదలకూడదు. నొక్కేటప్పుడు రెండు అంచుల్నీ నొక్కకుండా వదిలేయండి, అవి గంటలా కొంచెం విచ్చుకుని ఉండాలి. అంచు కూడా నొక్కితే ఆ లోహపు చివర మోనోలోకి దిగి, ప్రతి లాగుడుకీ కొంచెం కొంచెం కోస్తుంది. మిగిలిన తోకని లైటర్‌తో చిన్న గుండులా చేయొచ్చు. వేడి లీడర్ అసలు పోగుకి తగిలితే మొత్తం కొత్తగా వేసుకోవాలి. స్నాప్ (తెరిచి మూసే కొక్కెం) లేదా గాలం కన్నం దగ్గర లూప్‌కి థింబుల్ (లూప్ అరగకుండా లోపల పెట్టే గాడి) గానీ గొట్టం గానీ తొడగండి.

తాళ్లు ఒకదానికొకటి చుట్టుకుంటున్నాయి

డైవర్ తాళ్లు పొట్టిగా, పడవకి దగ్గరగా. పైన తేలే ఎరలు పొడుగ్గా, దూరంగా. మలుపులు పెద్దవిగా తిప్పండి. మలుపులో లోపలి వైపు తాడు నెమ్మదిస్తుంది, డైవర్ తన చోటు తప్పి పక్క తాడు దారిలోకి వస్తుంది. చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

అంతా సరిగ్గానే ఉంది, చేప పడట్లేదు

అయితే అమరిక వదిలేసి నీటిని చూడండి: పక్షులు, నీటి రంగు మారే గీత, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారే చోటు. పైన తేలే ఎర ప్రొపెల్లర్ నురుగులో కాకుండా దాని అంచున ఉన్న తేట నీటిలో పోవాలి. వేగం అర నాట్ పెంచి, తగ్గించి చూడండి.

డైవర్ దగ్గరికొచ్చింది, చేప ఇంకా దూరంలో ఉంది

ఇది లోపం కాదు, కానీ దెబ్బలు తగిలేది ఇక్కడే. డైవర్ చేతికొచ్చినా చేప లీడర్ పొడవంత దూరంలో ఉంటుంది. డైవర్‌ని విప్పి పక్కన పెట్టే స్నాప్ ఉండాలి, లేదా ఇంకొకరు దాన్ని పట్టుకోవాలి. లీడర్‌ని 5–8 మీటర్లకు మించనివ్వకపోవడం ఇందుకే. సన్నటి మోనోని చేతికి చుట్టుకోవద్దు, ఒక్క చుట్టు కూడా వద్దు. పడవ దగ్గరికొచ్చిన ట్యూనా చివరిసారి కిందికి దూకుతుంది. తోలు చేతి తొడుగులు వేసుకోండి, లాగిన తాడుని కాళ్ల మధ్య కాకుండా బకెట్‌లోకి వదలండి, చేతికందేచోట కత్తి ఉంచండి.

చేప పైకొచ్చిన వెంటనే రక్తం కార్చి ఐసులో పెట్టాలి. ట్యూనా ఒంటి వేడి సముద్రపు నీటి కంటే ఎక్కువ, కష్టపడి ఈదిన చేపలో ఇంకా ఎక్కువ. ఎండలో వదిలేస్తే ఒంటికి పడని హిస్టమిన్ పుడుతుంది, వండినా అది పోదు. ఐసు నిండుకుంటే, ఎన్ని చేపలు కొడుతున్నా, తాళ్లు లోపలికి లాగేయండి.