కాపర్-వై జియోలైట్ థయోఫీన్‌ను పట్టకుండా వదిలేస్తుంటే

ఇంధనంలోని థయోఫీన్ అనే గంధక సమ్మేళనాన్ని తీసేయడానికి, కాపర్-వై జియోలైట్ (కాపర్ అయాన్లు చేర్చిన సూక్ష్మరంధ్రాల పొడి) నింపిన గొట్టంలోంచి, అంటే కాలమ్‌లోంచి, ఇంధనాన్ని పంపుతారు. కాలమ్ మొదలుపెట్టిన కాసేపటికే అవతల థయోఫీన్ కనబడితే, జియోలైట్‌ను తిట్టుకునే ముందు తేమ సంగతి చూడాలి. థయోఫీన్‌ను పై (π) బంధంతో పట్టేది ఒక ధనావేశమున్న కాపర్ అయాన్. నీరు చేరితే ఆ చోటు దానిదే.

సోడియం-వైలో (సోడియం ఉన్న అదే జియోలైట్‌లో) కాపర్ నైట్రేట్‌తో అయాన్ మార్పిడి చేసి, కడిగి, 100 డిగ్రీల దగ్గర ఆరబెట్టాక హీలియంలో 450 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలి. అప్పుడే రెండు ధనావేశాల కాపర్ ఒకటికి దిగుతుంది. చల్లారాక గొట్టం విప్పొద్దు, ఇంధనం అందులోకే పంపాలి. లేత నీలం తిరిగొచ్చిందంటే గాలీ తేమా తగిలినట్టే. ముందు నీటిని పీల్చే 3ఎ మాలిక్యులర్ సీవ్ పొర పెడితే చాలా బెడద తగ్గుతుంది.

అసలు తిప్పలు వాడేసిన జియోలైట్‌ను మళ్లీ పనికొచ్చేలా చేసే పునరుద్ధరణలో. ఉత్త హీలియంలో వేడి పెంచితే థయోఫీన్ అంతా అలాగే బయటికి రాదు. ఆమ్ల స్థానాలు మిగిలి ఉంటే అక్కడ ఒలిగోమర్లుగా (చిన్న గొలుసులుగా) అల్లుకుంటుంది, ఇంకా వేడిలో రింగు తెగి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడి, కోక్ (కార్బన్ మడ్డి) మిగులుతుంది. పొడి నల్లబడేది అందుకే. మొదట 350 డిగ్రీల దగ్గర తేమలేని గాలిలో కాల్చాలి (సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి). గాలి కాపర్‌ను మళ్లీ ఆక్సీకరిస్తుంది కాబట్టి హీలియంలో 450 డిగ్రీల దశ తిరిగి చేయాలి. చాలామంది మరిచేది ఇదే.