సీనియర్ కమెడియన్‌తో ఆఫీసు సిట్‌కామ్: చూసినవాళ్లు తలోమాట అంటుంటే ఏం చెయ్యాలి

తిరుపతిలో ఎవరికైనా ఒక ఎపిసోడ్ చూపించి “ఎట్లుంది?” అని అడిగితే “బాగుండాది సార్” అంటారు. అది మర్యాద. అదే మనిషి బయటికెళ్లి టీ బంకు దగ్గర “పెద్దాయన అరిచి అరిచి తల తినేసినాడప్పా” అంటాడు. పనికొచ్చేది ఆ రెండో మాట. లాడ్జి రిసెప్షనో, ఎమ్మార్వో ఆఫీసో, బస్ డిపోనో కథాస్థలంగా పెట్టుకుని, పేరున్న సీనియర్ హాస్యనటుణ్ణి పైఅధికారిగా వేసి సిట్‌కామ్ (ఒకే చోట, అవే పాత్రలతో నడిచే హాస్య సిరీస్) తీసేవాళ్లు విడుదలకు ముందే ఆ మాటను గదిలోకి రప్పించుకోవాలి.

ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ

రెండు బ్యాచ్‌లు చాలు, ఒక్కోదానిలో 12 నుంచి 15 మంది. మొదటి బ్యాచ్ 45 దాటినవాళ్లు, అంటే ఆ నటుణ్ణి థియేటర్లో చూసి నవ్వినవాళ్లు. రెండోది పాతికలోపు పిల్లలు, ఆయన్ని మీమ్స్‌లోనే ఎరిగినవాళ్లు. రెండు వయసులనూ ఒకేచోట కూర్చోబెట్టొద్దు. నాన్న ఈడువాళ్ల ముందు పిల్లలు కొన్ని జోకులకు నవ్వు దిగమింగుకుంటారు, పిల్లలు నవ్విన చోట పెద్దలు మొహం చిట్లిస్తారు. పెద్దల బ్యాచ్‌లో కనీసం నలుగురు ఆఫీసులో కుర్చీ అరగదీసినవాళ్లు ఉండాలి. యూనిట్‌వాళ్ల బంధువులు మాత్రం ఒక్కరూ వద్దు.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగజాతర జరిగే వారం వదిలేయండి. మనుషులు దొరకరు, దొరికినా మనసు అక్కడుండదు. ఆదివారం పొద్దున 10 గంటలు మంచి సమయం. టిఫిన్ ముందే పెట్టేయండి, ఆకలి మీదున్నవాడికి నవ్వు రాదు.

15 మందికి 20 కుర్చీలు పట్టే గది చాలు. వంద కుర్చీల హాల్లో వాళ్లే చెల్లాచెదురుగా కూర్చుంటే మంచి జోకూ చస్తుంది, ఎందుకంటే నవ్వు పక్కవాణ్ణి చూసి పుడుతుంది. సీలింగ్ ఫ్యాన్ల చప్పుడు ఇంకో శత్రువు. పెద్ద నటులు గొంతు తగ్గించి విసిరే మాటలన్నీ అందులోనే కలిసిపోతాయి. చివరి వరుసలో కూర్చుని ఐదు నిమిషాలు విన్నాకే మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ స్పీకర్‌తో కానిచ్చేద్దామనుకుంటే అసలు చూపించకపోవడం మేలు.

ఒక్క ఎపిసోడ్ చూపించి ఆపకండి. 22 నిమిషాల మొదటి ఎపిసోడ్‌లో సగం పరిచయాలకే పోతుంది. అది చూసి “ల్యాగ్” అన్నవాళ్ల మాటను అప్పుడే లెక్కలో వేసుకోలేం. రెండోది కూడా చూపించండి, మధ్యలో 10 నిమిషాలు విరామం.

నవ్వుల పట్టీ

అందరికీ చెప్పి, ఒప్పుకున్నాక, తెర పక్కన ట్రైపాడ్ మీద ఒక ఫోన్‌ను జనం వైపు తిప్పి రికార్డు చెయ్యండి. ఎపిసోడ్ మొదలయ్యే క్షణంలో గట్టిగా ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత ఎపిసోడ్ టైమూ, ఫోన్ రికార్డింగ్ టైమూ కలుపుకోవడం తేలిక. ఆ రాత్రే కూర్చుని ప్రతి నవ్వునూ నిమిషం, సెకనుతో రాయండి. ఎవరూ నవ్వకపోతే 0, ఒకరిద్దరు నవ్వితే 1, సగం గది నవ్వితే 2, తర్వాతి డైలాగు వినపడనంతగా నవ్వితే 3. పక్కన ఆ జోకు ఏ పాత్రదో రాయండి. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అసలు గుట్టంతా అందులోనే ఉంటుంది.

బొమ్మ అయిపోగానే మాట్లాడించొద్దు. ఒక పెద్దమనిషి నోరు తెరిచాడంటే మిగతావాళ్లంతా “సార్ చెప్పిందే” అంటారు. ముందు కాగితం, పెన్ను ఇవ్వండి, పేరు రాయనక్కర్లేదు. “బాగుందా?” అన్న ప్రశ్న పెట్టకండి. ఇవి అడగండి: ఎన్ని పాత్రల పేర్లు గుర్తున్నాయి? ఫోన్ ఎప్పుడు చూసుకున్నారు? ఇంటికెళ్లి ఏ సీను చెప్తారు? ఈ ఆఫీసులో మీకు పని పడితే ఎవరి దగ్గరికి పోతారు? చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే పాత్రలు నిలబడలేదనే అర్థం. పది నిమిషాలయ్యాక కాగితాలు తీసుకుని, అప్పుడు మాటలు మొదలుపెట్టండి.

మాట ఒకటి, జబ్బు వేరొకటి

కాగితాల్లో సగం మెచ్చుకోలు, సగం విసుగు ఉంటే రెండూ కలిపి సగటు తీయకండి. ఉప్పెక్కువైందన్నవాడినీ, చప్పగుందన్నవాడినీ కలిపితే ఉప్పు సరిపోయినట్టు కాదు. ఒక్కో మాటనూ నవ్వుల పట్టీ పక్కన పెట్టి చూడండి.

“ఆయన పాత ఆయన కాదు” అన్న మాట తప్పకుండా వస్తుంది. సినిమాలో ఆయన రెండు మూడు నిమిషాల కామెడీ ట్రాక్‌లో వచ్చి, దులిపేసి వెళ్లేవాడు. ఇక్కడ ఇరవై నిమిషాలు కుర్చీలో ఉండాలి, ఎదుటివాళ్ల మాట వినాలి. పట్టీలో మొదటి సీన్లో 3, మూడో సీన్లో 1, చివర్లో 0 ఉంటే తప్పు నటుడిది కాదు. రచయిత ప్రతి సీన్లోనూ ఒకే అరుపు రాశాడు. రెండు సీన్లలో ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి, అరిచే పని ఇంకొకరికి ఇచ్చి చూడండి.

“ఆయన ఒక్కడే ఉన్నాడు” అంటే పాత్ర గడి తీసి లెక్కపెట్టండి. నవ్వుల్లో సగానికి మించి ఆయనవే అయితే మిగతావాళ్లు అందించే చేతులుగా మిగిలిపోయారు. అటెండరుకో, కంప్యూటర్ ఆపరేటర్‌కో సొంత పట్టుదల ఒకటి ఇవ్వాలి. జెమిని టీవీలో 2001లో మొదలైన హాస్య సీరియల్ ‘అమృతం’లో హోటలే పనిచోటు. అమృతం పాత్ర వేసిన నటులు మారినా జనం చూశారు. గుండు హనుమంతరావు వేసిన ఆంజనేయులు, హోటల్లో సర్వర్‌గా ఉండే సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ ఎవరి పిచ్చి వాళ్లది. పెద్దల బ్యాచ్ మీ సిరీస్‌ను దానితో పోలుస్తుంది. ఆ పోలికలను విడిగా కట్టకట్టి పక్కన పెట్టండి, వాటితో ఎడిటింగ్ టేబుల్ దగ్గర చేసేదేమీ లేదు.

“ఆఫీసర్ మరీ దుర్మార్గుడు” అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో 2005లో వచ్చిన ‘ది ఆఫీస్’ మొదటి సీజన్ ఆరే ఎపిసోడ్లు, తొలి ఎపిసోడ్ దానికి మూలమైన, అదే పేరున్న బ్రిటన్ సిట్‌కామ్‌కు చాలా దగ్గరగా తీసింది. రెండో సీజన్ నుంచి ఆ బాస్‌ను కాస్త మెత్తబరిచారు, అప్పుడప్పుడూ పని తెలిసినవాడిగా చూపించారు. మీ కథలోనూ ఎపిసోడ్‌కు ఒక్కచోట ఆ అధికారి పని ఎరిగినవాడని తెలిస్తే చాలు, మిగతా తిట్లన్నీ నవ్వులవుతాయి.

“ఆఫీసు ఇట్లా ఉండదు” అనేది ఉద్యోగుల మాట. ఇన్‌వార్డ్ నంబర్ (వచ్చిన కాగితానికి ఆఫీసు వేసే వరుస నంబర్) వెయ్యని తపాలు, ఉదయం హాజరు వెయ్యని సిబ్బంది కనిపించగానే వాళ్లు కథలోంచి బయటికొచ్చేస్తారు. ఇది సరిచెయ్యడానికి పెద్ద ఖర్చు లేదు: రిజిస్టరు, తాడు కట్టిన పెన్ను, సాయంత్రం నాలుగింటికి సర్వర్ పనిచెయ్యకపోవడం.

ఇక యాస. కోస్తా నుంచి వచ్చిన నటుడితో “చేస్తాండాను”, “గమ్మునుండు” అనిపిస్తే ఇక్కడివాళ్లు నవ్వుతారు, కానీ మీరనుకున్న చోట కాదు. పట్టీలో జోకు లేని చోట 2 పడిందంటే అనుమానించండి. డబ్బింగ్‌లో దిద్దబోతే ఇంకా చెడుతుంది. పాత్రనే బదిలీ మీద వచ్చిన కోస్తావాడిగా మార్చండి. అప్పుడు “గమ్మున కూర్చో సార్” అని అటెండరు అన్నప్పుడు ఆయన మొహం చూపిస్తే చాలు. తమిళం కలిసే చిత్తూరు మాట తిరుపతి మాటకు కాస్త వేరు, ఇద్దరు స్థానికులకు స్క్రిప్టు చదివి వినిపించండి.

కత్తెర

రెండు బ్యాచ్‌లూ నవ్వని జోకు తీసెయ్యండి, ఎవరికి ఎంత ఇష్టమైనా సరే. ఒక్క బ్యాచే నవ్వితే ఉంచి, పక్కనే రెండోవాళ్లకు ఒకటి పెట్టండి. కాగితంలో తిట్టినా గదిలో 3 పడినదాన్ని కదిలించొద్దు. పట్టీలో రెండు నిమిషాలు వరుసగా సున్నాలుంటే అక్కడ సాధారణంగా సమాచారం చెప్పే సీను ఉంటుంది, దాన్ని సగానికి కొయ్యండి. 3 పడిన జోకు తర్వాత ఎదుటివాడి మొహం మీద ఒక సెకను ఆగండి. రెండు సెకన్లయితే ఫోన్లో ఒంటరిగా చూసేవాడికి బొమ్మ ఆగిపోయినట్టుంటుంది. ప్రతి మాటకూ ‘టొయ్‌య్’ అని సౌండు వేసే అలవాటుంటే ఒక సీన్ ఆ సౌండ్లు లేకుండా రెండో బ్యాచ్‌కు చూపించి చూడండి, పిల్లలు దాన్నే ఎక్కువ మెచ్చే అవకాశముంది.

యూట్యూబ్‌లో పెట్టాక యూట్యూబ్ స్టూడియోలోని రిటెన్షన్ గీత (ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపేది) ఇదే పట్టీకి కొనసాగింపు. మొదటి 30 సెకన్ల తర్వాత ఎంతమంది మిగిలారో చూడండి. అక్కడే జారితే టైటిల్ పాట పొడుగైనట్టే. మొదటి రోజు కామెంట్లు ఎక్కువగా ఆయన అభిమానులవి, వారం ఆగి చదవండి.

పెద్దాయనకు కాగితాలు ఇవ్వకండి. డైరెక్టర్ ఒక్కడే, విడిగా, నవ్వుల పట్టీ మాత్రం చూపించాలి. ముప్పై ఏళ్లు తెర మీద ఉన్న మనిషికి “14వ నిమిషంలో సున్నా” అంటే చాలు, కారణం ఆయనే చెప్తారు. మార్చిన ఎపిసోడ్‌ను కొత్త బ్యాచ్‌కే చూపించండి. పాతవాళ్లకు జోకు ముందే తెలుసు.