హెడ్‌లైట్ పచ్చబడితే బల్బు మార్చకండి

రాత్రి లైటు వేసినా రోడ్డు సరిగ్గా కనిపించడం లేదని నేను బల్బులు మార్చాను. తీరా చూస్తే తప్పు పైనున్న ప్లాస్టిక్ కవరుది. దానిమీద నీళ్లు పోసి చూడండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపిస్తే మసక బయటే ఉన్నట్టు, ఇంట్లోనే వదిలించుకోవచ్చు.

సబ్బునీళ్లతో కడిగి, చుట్టూ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. నేను ఒక్క వరసతో సరిపెట్టాను, బంపర్ మీద గీత ఇప్పటికీ వెక్కిరిస్తోంది. 1000 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి వాడే గరుకు కాగితం) పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు చల్లుకుంటూ అడ్డంగా రుద్దాలి. మొదట పచ్చటి నురగ కారుతుంది. అది తెల్లబడేదాకా ఆపొద్దు. తర్వాత 2000తో నిలువుగా, 3000తో మళ్లీ అడ్డంగా. ఈపాటికి కవరంతా మంచు పట్టినట్టు తయారవుతుంది, పాడుచేశానేమోనని కంగారుపడకండి. ఆరాక చెంచాడు రబ్బింగ్ కాంపౌండ్ (సన్నటి గీతలు పోగొట్టే పేస్టు) మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దితే తేటపడుతుంది.

ఎండ నుంచి కాపాడే పూతలో మిగిలింది కూడా ఈ రుద్దుడుతో పోతుంది. అందుకే టేపు తీయకముందే యూవీ క్లియర్ కోట్ (ఎండను అడ్డుకునే రంగులేని స్ప్రే) పలచగా రెండుసార్లు కొట్టాలి, లేదంటే త్వరలోనే మళ్లీ పచ్చబడుతుంది. టూత్‌పేస్టుతో వచ్చే మెరుపైతే మూన్నాళ్ల ముచ్చటే.

లోపల చెమ్మ చేరినా, ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లున్నా ఎంత రుద్దినా లాభం లేదు.