బండి టాప్ మీద టెంట్ బిగించే ముందు జాగ్రత్తలు

ముందు బరువు లెక్క తేల్చుకోండి. రూఫ్ టెంట్లు చాలావరకు 50 నుంచి 70 కిలోలు ఉంటాయి. మాన్యువల్‌లో ఇచ్చే రూఫ్ లోడ్ (టాప్ మోయగల గరిష్ఠ బరువు) సాధారణంగా నడుస్తున్న బండికి చెప్పింది. క్యారియర్ బరువూ అందులోకే వస్తుంది. గుంతల రోడ్డులో కుదుపుకి ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ సర్దుకుపోవద్దు, దయచేసి.

సాఫ్ట్ టాప్ థార్ అయితే గుడ్డ మీద బిగించే ఆలోచనే వద్దు. బాడీకి బిగించే విడి ర్యాక్ కావాలి.

• ఎత్తడానికి ముగ్గురైనా ఉండాలి. టాప్ మీద పాత దుప్పటి పరవండి, పెయింట్ గీసుకోదు.

• నైలాక్ నట్లే (లోపల నైలాన్ రింగు ఉండి, కుదుపులకి తేలిగ్గా వదులవ్వనివి) వాడండి. బిగించాక నట్టు మీదుగా బ్రాకెట్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. నట్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. మొదటి 50 కిలోమీటర్లకే ఆగి చూసుకోండి.

• మొత్తం ఎత్తు టేపుతో కొలిచి డాష్‌బోర్డు మీద అంటించండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేటప్పుడు అదే కాపాడుతుంది.