అమెరికా యూనివర్సిటీ గ్రాంట్ల పాఠాలు – 5: రేటు కంటే ముందు బేస్

కిందటి పాఠంలో ఏ ఖర్చు గ్రాంటు మీద వేయొచ్చో, ఏది వేయకూడదో చూశాం. ఈసారి ఇన్‌డైరెక్ట్ కాస్ట్. ల్యాబ్ కరెంటు, బిల్డింగు, లైబ్రరీ, అకౌంట్స్ ఆఫీసు లాంటివాటిలో ఫలానా ప్రాజెక్టు వాటా ఇంత అని విడదీసి చెప్పలేం. అందుకే యూనివర్సిటీ ఫెడరల్ ప్రభుత్వంతో మాట్లాడుకుని, ఒక శాతానికి (దీన్నే రేటు అంటారు) ఒప్పందం రాసుకుంటుంది. ఆ రేటులో పాలనా ఖర్చుల కింద వచ్చేది 26 పాయింట్లు దాటకూడదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఒక విలాస నౌక తరుగుదలను కూడా ఈ లెక్కలో కలిపిందని గొడవయ్యాక, 1991లో ఈ పరిమితి పెట్టారు.

కొత్తగా చేరినవాళ్ళు రేటు కంఠతా పట్టి, మొత్తం బడ్జెట్‌ని దాంతో గుణించేస్తారు. అలా చేయకూడదు. రేటు పడేది ఎం.టి.డి.సి. (మాడిఫైడ్ టోటల్ డైరెక్ట్ కాస్ట్స్, అంటే కొన్ని ఖర్చులు తీసేశాక మిగిలిన నేరు ఖర్చుల మొత్తం) అనే బేస్ మీద మాత్రమే. 2 సి.ఎఫ్.ఆర్. 200 అనే ఫెడరల్ గ్రాంట్ల నియమాల ప్రకారం పరికరాలు, ట్యూషన్ ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్పులు, అద్దెలు, ఒక్కో సబ్‌అవార్డులో (ప్రాజెక్టు పనిలో కొంత భాగం చేయడానికి గ్రాంటులోంచి వేరే సంస్థకు ఇచ్చే డబ్బు) మొదటి 50,000 డాలర్లు పోగా మిగిలింది ఈ బేస్‌లోకి రావు.

మూడేళ్ళ ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. జీతాలు, బెనిఫిట్లు 1,50,000 డాలర్లు, ప్రయాణాలు 10,000, ల్యాబ్ సామాన్లు 20,000, మైక్రోస్కోపు 60,000, ట్యూషన్ 20,000, వేరే యూనివర్సిటీకి సబ్‌అవార్డు 90,000. మొత్తం 3,50,000. ఇందులోంచి మైక్రోస్కోపు, ట్యూషన్, సబ్‌అవార్డులో 40,000 తీసేస్తే బేస్ 2,30,000. రేటు 50 శాతం అనుకుంటే ఇన్‌డైరెక్ట్ 1,15,000. మొత్తం మీద గుణించి ఉంటే 1,75,000 వచ్చేది. ఆ అదనపు 60,000 ఖర్చు పెట్టేశాక ఆడిట్‌లో బయటపడితే, యూనివర్సిటీ తన జేబులోంచి తిరిగి కట్టాలి. అప్పుడు ఆఫీసంతా టెన్షనే.

ఎక్కువమంది తడబడేది సబ్‌అవార్డు దగ్గర. 50,000 పరిమితి ఏడాదికి కాదు, ఆ సబ్‌అవార్డు మొత్తం కాలానికి. ఏటా 30,000 ఇస్తున్నారనుకోండి: మొదటి ఏడు 30,000 బేస్‌లోకి వస్తుంది, రెండో ఏడు 20,000 మాత్రమే, మూడో ఏడు సున్నా. ఏడాదివారీ బడ్జెట్ షీటు నింపేటప్పుడు పోయినేటి షీటు పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంకొకటి. 50,000 అనేది 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ. అంతకుముందు 25,000 ఉండేది. పరికరం అనడానికి కనీస ధర కూడా అప్పుడే 5,000 నుంచి 10,000 డాలర్లకు పెరిగింది. మీ యూనివర్సిటీ రేటు ఒప్పందం పాతదైతే అందులో ఇంకా 25,000 అనే ఉండొచ్చు. అలా ఉంటే, కొత్త ఒప్పందం కుదిరేదాకా పాత అంకెతోనే లెక్క కట్టాలి. అందుకే బడ్జెట్ మొదలుపెట్టేముందు ఆ ఒప్పందం కాపీ తెప్పించుకుని, బేస్ గురించి రాసిన పేరా పూర్తిగా చదవండి.

అభ్యాసం: పై ప్రాజెక్టులోనే 90,000 సబ్‌అవార్డు బదులు 35,000ది ఒకటి, 80,000ది ఒకటి ఉన్నాయి. పరిమితి 50,000 అయితే బేస్ ఎంత? 25,000 అయితే ఎంత? జవాబులతో ఆరో పాఠం మొదలుపెడదాం. సబ్‌అవార్డు తీసుకున్నవాళ్ళ ఖర్చుల మీద మనం ఎలా కన్నేసి ఉంచాలో అందులో చూద్దాం.